కొసరుగా ఇచ్చిన మాగ్నమ్ పెట్టె

తుపాకుల కొట్లో ఇరవై మూడేళ్ళు కౌంటర్ వెనక నిలబడ్డాను. ఆ ఇరవై మూడేళ్ళలో నేను చేసినంత గొప్ప చెడ్డబేరం టెక్సాస్ మొత్తంలో ఇంకే సేల్స్‌మనూ చేసి ఉండడని గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలను. కొనడానికి వచ్చినాయన మా పక్క జిల్లా మనిషి, గీచి గీచి బేరమాడే రకం. ఆయనకి ఒక్క డాలరు తగ్గించకుండా రివాల్వర్ అమ్మాను. నోరు మూయించడానికి ఇరవై తూటాల పెట్టె ఒకటి ఊరికే చేతిలో పెట్టాను. ఆయన నవ్వుకుంటూ వెళ్ళాడు. నేను ఇంటికెళ్ళి మా ఆవిడతో, "మా నాన్న చూసుంటే కొట్టు తాళాలు నా చేతికిచ్చేసేవాడు" అన్నాను.

ఆ పెట్టె ఖరీదు తరవాత ఒకావిడ కుడి చెవి అయింది. చర్చిలో పాట ఎత్తుకునే మనిషి ఆవిడ. ఆ చెవిలో నా వాటా ఎంతో తేల్చుకుందామని ఏళ్ళ తరబడి తిరిగాను.

ఈ మధ్య మనవాళ్ళ పిల్లలు కొందరు ఈ వ్యాపారంలోకి వస్తున్నారు. లైసెన్సు తీసుకుని సొంతంగా కొట్టు పెట్టినవాళ్ళూ ఉన్నారు. ఫోన్ చేసి, "అంకుల్, కస్టమర్‌కి స్టాండర్డ్ తూటాలు రికమెండ్ చెయ్యాలా, హై పవర్‌వి చెయ్యాలా? ఒక్క ముక్కలో చెప్పండి" అంటారు. వాళ్ళ కోసం రాస్తున్నాను. ఒక్క ముక్కలో చెప్పే జవాబు నా దగ్గర ఉందనుకుని చదవకండి. నా దగ్గరున్నది గందరగోళమే. కాకపోతే బాగా నానిన గందరగోళం.

ఫారాలు ఎలా నింపాలి, ఎవరి వీసాకి ఏం వర్తిస్తుంది అనేవి నేను రాయను. అవి చెప్పడానికి ప్రభుత్వం ఉంది.

కౌంటర్ దగ్గరికి

మా ఆవిడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద ఈ దేశం వచ్చింది. నేను ఆవిడ సామానుతో వచ్చాను. గ్రీన్ కార్డు చేతికొచ్చాక పని వెతుక్కుంటుంటే, ఇంటి నుంచి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో "మనిషి కావలెను" అని బోర్డు పెట్టిన చోటు ఒక్కటే కనిపించింది. అది తుపాకుల కొట్టు. వెనకాల కాల్చి చూసుకోవడానికి ఆరు వరసల రేంజ్. యజమాని వాల్ట్, అరవై దాటిన మనిషి, పూర్వం లేత్ మెషీన్ మీద పనిచేసేవాడట.

"తుపాకుల గురించి ఏం తెలుసు?" అన్నాడు.

"ఏమీ తెలియదు. ఎదుటివాడు ఎంతకి కొంటాడో మాత్రం తెలుసు."

"నేను ఈ బూట్లు ఎంతకి కొన్నాను?"

చెప్పాను. కాసేపు బూట్ల వంక చూసుకున్నాడు. "సోమవారం రా. తుపాకులు నేర్పగలను, అది నేర్పలేను" అన్నాడు.

అది నరసరావుపేట బజారులో నేర్చుకున్న విద్య. మా నాన్నది కిరాణా కొట్టు, చుట్టూ మా పెదనాన్నల కొట్లు, మేనమామల కొట్లు. నేను అంకెల కంటే ముందు కొసరు నేర్చుకున్నాను. కందిపప్పు తూచి, కాటా సరిగ్గా నిలిచాక, చేత్తో ఇంకో చిటికెడు వేస్తారే, అది కొసరు. తూకం కొట్టు న్యాయం, కొసరు మనిషి మర్యాద. దానికి మా నాన్న ఒక నియమం పెట్టుకున్నాడు: కొసరు ఎప్పుడూ కొన్న సరుకులోంచే ఇవ్వాలి. పప్పు కొంటే పప్పే. చింతపండు కొంటే చింతపండే. "వాళ్ళు అడగని సరుకు ఊరికే ఇస్తే అది మర్యాద కాదురా, మన మూలనున్నది వాళ్ళ ఇంట్లో పారబొయ్యడం" అనేవాడు. చిన్నప్పుడు నాకిది పిసినారితనంలా తోచింది.

రెండు రకాలు

తెలియనివాళ్ళకి రెండు మాటలు. రివాల్వర్లలో థర్టీ ఎయిట్ స్పెషల్ అనే మామూలు తూటా ఉంది. త్రీ ఫిఫ్టీ సెవెన్ మాగ్నమ్ అనేది దానికి అన్న. లావు ఒకటే, అన్న కాస్త పొడుగు, లోపల ఒత్తిడి మాత్రం చాలా ఎక్కువ. మాగ్నమ్ కోసం చేసిన రివాల్వర్‌లో రెండూ పడతాయి. మామూలుదాని కోసం చేసిన రివాల్వర్‌లో అన్నకి ప్రవేశం లేదు. తొమ్మిది మిల్లీమీటర్ల పిస్టల్ తూటాల్లోనూ ఒత్తిడి పెంచిన రకం ఉంది, దాన్ని ప్లస్-పి అంటారు. ఆ తుపాకి దాన్ని తట్టుకుంటుందని తయారుచేసినవాళ్ళ పుస్తకంలో ఉందో లేదో చూడకుండా ఎవరికీ అమ్మకండి. నాకు గందరగోళం లేని విషయం ఇదొక్కటే, అందుకే ముందు చెప్పేశాను.

పెద్ద తూటా వేగంగా పోతుంది, లోతుగా దిగుతుంది. చప్పుడెక్కువ, మంటెక్కువ, చేతిని తన్నడం మరీ ఎక్కువ. తుపాకి ఎంత తేలికైతే తన్ను అంత గట్టిది. చిన్న తూటా చేతిని క్షమిస్తుంది. రెండోసారి గురి త్వరగా కుదురుతుంది. ధరలో తేడా కొద్దిగానే ఉంటుంది, మనవాళ్ళతో చిక్కంతా అక్కడే వచ్చేది. కాస్త అటూ ఇటూగా అదే రేటుకి పెద్దది వస్తుంటే చిన్నది కొనే తెలుగువాణ్ణి నేను చూడలేదు. ఇల్లైనా, టీవీ అయినా, తూటా అయినా.

మొదటి వారంలోనే వాల్ట్ నాకొక సూత్రం చెప్పాడు. "తుపాకి ఎవరికి అని అడక్కు. ఎవరి చేతికి అని అడుగు. ఆ చేత్తో మామూలు తూటాలు అయిదు కాల్పించు. పెద్దదాని మాట ఆ తరవాత."

బాగుంది కదా అని నేను అందరికీ మామూలువే అంటగట్టడం మొదలుపెట్టాను. ఒకరోజు రెడ్‌మండ్ నుంచి సెలవులకి అక్క ఇంటికొచ్చిన కుర్రాడొకడు వచ్చాడు. ఇక్కడినుంచి అక్కా బావలతో కలిసి మోంటానా కొండల్లో క్యాంపింగ్‌కి పోతున్నారట, బావ దగ్గర మాగ్నమ్ రివాల్వర్ ఉంది, తూటాలు కావాలి. బావ పక్కనే ఉన్నాడు, మాట మాత్రం కుర్రాడిదే. "స్టాండర్డ్ చాలండీ, ఆన్‌లైన్‌లో చదివాను" అన్నాడు. "తెలివైనవాడివి బాబూ" అని పెట్టె తీశాను. వాల్ట్ వెనకనుంచి వచ్చి ఆ పెట్టె లాక్కుని బరువైన మాగ్నమ్ పెట్టె బల్లమీద పెట్టాడు.

"ఎలుగుబంట్లు ఆన్‌లైన్‌లో చదవవు" అన్నాడు. వాళ్ళు వెళ్ళాక నా వైపు తిరిగి, "ఎలుగుబంటి మీద కొట్టే స్ప్రే ముందు కొనమని చెప్పావా?" అన్నాడు.

"లేదు."

"అయితే ఆ కుర్రాడికీ నీకూ తేడా ఏమిటి?"

ఇలా నిన్నటి ఒప్పు ఇవాళ తప్పయ్యేది. నాకు సూత్రం కావాలి. వాల్ట్ దగ్గర ఉన్నది సూత్రం కాదు, అలవాటు. అది అర్థమయ్యేసరికి చాలా కాలం పట్టింది.

రత్నం గారి బేరం

రత్నం గారూ, సువార్తమ్మ గారూ భార్యాభర్తలు, బాపట్ల వైపువాళ్ళు. హైవే పక్కన గ్యాస్ స్టేషను, దానికి ఆనుకుని చిన్న స్టోరు నడిపేవారు. ఆదివారాలు ఒక స్కూలు హాలు అద్దెకి తీసుకుని జరిపే తెలుగు చర్చిలో సువార్తమ్మ గారే పాట ఎత్తుకునేవారు. వాయిద్యాలు లేని రోజుల నుంచీ ఆవిడ గొంతే శ్రుతి. ఒక క్రిస్మస్‌కి నన్నూ పిలిస్తే వెళ్ళాను. ఆవిడ కళ్ళు మూసుకుని మొదటి వరస అందుకుంటే హాల్లో వందమంది ఆ గొంతు పట్టుకుని నడిచారు.

వాళ్ళ స్టోరుకి రెండు మైళ్ళ దూరంలో ఒక దొంగతనం జరిగింది. ఆ వారమే ఇద్దరూ మా కొట్టుకొచ్చారు. మధ్యాహ్నాలు స్టోరులో ఒంటరిగా ఉండేది ఆవిడ. కాబట్టి తుపాకి ఆవిడ చేతికి. ఇది వాళ్ళు వచ్చిన రెండో నిమిషంలోనే చెప్పారు. నేను వినలేదని అనడానికి లేదు.

ఆవిడ మాగ్నమ్ కోసం చేసిన ఒక చిన్న రివాల్వర్ చేతిలోకి తీసుకుని, "తేలిగ్గా ఉందండీ, బాగుంది" అన్నారు. తరవాత గొంతు తగ్గించి, "దీనికి మెత్తటివి ఉంటాయా గుప్తా గారూ? చప్పుడు తక్కువవి?" అని అడిగారు.

"ఉన్నాయమ్మా" అని థర్టీ ఎయిట్ పెట్టె ఒకటి తీసి పక్కన పెట్టాను. ఈపాటికి ఆవిణ్ణి రేంజ్‌లోకి తీసుకెళ్ళి ఉండాల్సింది. కానీ రత్నం గారు అప్పటికే మోచేతులు బల్లమీద ఆనించారు. బేరానికి దిగే మనిషి మోచేతులు నాకు తెలుసు. నా ఒంట్లో నరసరావుపేట రక్తం లేచింది.

"మనం మనం గుప్తా గారూ. ఫైనల్ చెప్పండి."

"ట్యాగ్ మీదున్నదే ఫైనల్ రత్నం గారూ."

"ట్యాగ్ అమెరికావాళ్ళకండీ."

"మీరు పోయినేడే సిటిజన్ అయ్యారుగా!"

"ఆన్‌లైన్‌లో ఫార్టీ డాలర్స్ తక్కువుంది."

"ఆన్‌లైన్‌వాడు కాఫీ ఇచ్చాడా?"

"మీరూ ఇవ్వలేదుగా."

ఇచ్చాను. తాగారు. తాగి, "ఇప్పుడు చెప్పండి" అన్నారు. సువార్తమ్మ గారు, "ఏవండీ, ట్యాంకర్ వచ్చే టైమైంది, ఇక చాల్లెండి" అంటున్నారు. ధర తగ్గించే అధికారం నాకు లేదు. కదలని సరుకు ఒకటీ అరా చేతిలో పెట్టే అధికారం వాల్ట్ ఇచ్చాడు. పై అరలో మాగ్నమ్ పెట్టెలు దుమ్ము పట్టి ఉన్నాయి. ఒకటి తీసి, చొక్కా చేతికి తుడిచి, ఆయన ముందు పెట్టాను.

"ఇది కొసరు."

రత్నం గారి ముఖం పెళ్ళిపందిరిలా వెలిగింది. పెట్టె తిప్పి చదివారు. "మాగ్నమ్! దానికంటే ఇది పవర్‌ఫుల్ కదండీ?"

"చాలా."

"మరి ఇదే పెట్టుకోవాలేమో?"

ఇక్కడ నేను చెప్పాల్సిన మాట ఒకటుంది. చెప్పింది ఇంకొకటి. "రెండూ పడతాయండీ, మీ ఇష్టం" అన్నాను. అది అబద్ధం కాదు. నా జీవితంలో అంత ఖరీదైన నిజం ఇంకొకటి చెప్పలేదు.

ఒక్క తూటా

మూడు వారాలకి ఇద్దరూ రేంజ్‌కి వచ్చారు. నేను కౌంటర్‌లో ఇంకొకరికి బిల్లు వేస్తున్నాను. మధ్యనున్న గాజు గోడలోంచి చూస్తే సువార్తమ్మ గారు చెవులకి మఫ్‌లు పెట్టుకుని నిలబడ్డారు. రత్నం గారు కొసరు పెట్టె విప్పి ఒక తూటా లోపల పెడుతున్నారు. నేను అటు చేరేలోపే పేలింది.

గాజు ఇవతలికి కూడా ఆ మంట కనిపించింది. రివాల్వర్ ఆవిడ నుదుటి ఎత్తుకు లేచింది. ఆవిడ దాన్ని జాగ్రత్తగా, నేర్పినట్టే, ముందుకి తిప్పి బల్లమీద పెట్టి బయటికొచ్చారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం చిట్లింది.

"అరచేతిలో టపాకాయ పేలినట్టుందండీ" అన్నారు.

"తప్పు నాదమ్మా. ఈ మామూలువి ఒక్కసారి కాల్చి చూడండి, అసలు వేరే తుపాకిలా ఉంటుంది."

బతిమాలితే వెళ్ళారు. మామూలు తూటా పెట్టాను. ట్రిగ్గర్ కదలకముందే ఆవిడ మణికట్టు కిందికి ఒంగిపోయింది. రెండోసారీ అంతే. చేతికి భయం ఒకసారి ఎక్కితే అది భయం మాటే వింటుంది, మన మాట వినదు. ఆవిడ తుపాకి పక్కన పెట్టి, "వద్దండీ. ఈయన్నే ఉంచుకోమనండి" అన్నారు.

వాల్ట్ అంతా చూశాడు. "ఆ తూటా ఎవరమ్మారు?"

"అమ్మలేదు. నేనే ఊరికే ఇచ్చాను."

"ఊరికే వచ్చినదాన్ని ఎవరూ పక్కన పెట్టరు గుప్తా. డబ్బు పెట్టి కొన్నదైతే ఒకవేళ పెడతారేమో."

మర్నాడు రత్నం గారికి ఫోన్ చేశాను. "అందులో మామూలు తూటాలే ఉంచండి" అన్నాను. "మార్చేశానండీ" అన్నారు. మార్చలేదు. ఎందుకు మార్చలేదో తరవాత ఆయనే చెప్పారు: "ఊరికే వచ్చిన మంచి సరుకు మూలన పడేసి, కొన్నది ఎందుకండీ ఖర్చు పెట్టడం?" నాకు కోపం రాలేదు. మా బజారులో ఎవరైనా అదే అనేవారు.

స్టోర్ రూమ్

నాలుగు నెలల తరవాత ఒక మధ్యాహ్నం. నేనక్కడ లేను, ఇద్దరూ విడివిడిగా చెప్పింది రాస్తున్నాను. టోపీ ముఖం మీదికి లాక్కున్న ఒకడు స్టోరులో అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఆవిడ కౌంటర్‌లో ఉన్నారు. రత్నం గారు స్టోర్ రూమ్‌లోకి వెళ్ళి రివాల్వర్ తీసి, వెనకనుండే సుత్తి లాంటి హ్యామర్‌ని వేలితో లాగి, సిద్ధంగా నిలబడ్డారు. ఆ మనిషి ఒక ఐస్ మూట కొని వెళ్ళిపోయాడు.

సువార్తమ్మ గారు లోపలికొచ్చి, "పోయాడండీ, ఐస్ కోసం వచ్చాడు పాపం" అని, ఎవరైనా కస్టమర్ తుపాకి చూస్తే బాగుండదని తలుపు మూశారు. రత్నం గారు హ్యామర్‌ని మెల్లగా కిందికి దించబోయారు. దించాలంటే ట్రిగ్గర్ నొక్కి, బొటనవేలితో దాన్ని ఆపాలి. బొటనవేలికి చెమట. జారింది.

మూడు వైపులా కాంక్రీటు గోడలు, ఇనప అరలు, మూసిన తలుపు. చెవులకి ఏమీ లేవు. ఆవిడ ఆయన ఎడమ పక్కన నిలబడ్డారు, కుడి చెవి అటు. గుండు కూల్‌డ్రింకు కేసులు రెండు దాటి, నాలుగో వైపున్న జిప్సం బోర్డు గోడలోంచి పక్కనున్న లాండ్రీలోకి పోయి, సబ్బు పొడి డబ్బాల్లో ఆగింది. అక్కడ బట్టలు మడతపెడుతున్న ఒకామె బుట్ట తీసుకుని అప్పుడే కారు దగ్గరికి వెళ్ళింది. పోలీసులు వచ్చారు, రాసుకున్నారు, వెళ్ళారు. రత్నం గారి చెవులు వారానికి సర్దుకున్నాయి. సువార్తమ్మ గారి కుడి చెవి సర్దుకోలేదు. అందులో ఎప్పుడూ ఒక కూత. సన్నని స్వరాలు ఆ చెవికి అందవు.

మూడో ఆదివారం చర్చిలో ఆవిడ పాట ఎత్తుకుని, సగంలో ఆపేశారట. "నేను పాడేది నాకే ఒక పక్కనుంచి వస్తోంది" అన్నారట. ఆ తరవాత ముందుకు రాలేదు.

జిప్సం పలకలు

నాకు నిద్రపట్టేది కాదు అని రాస్తే గొప్పగా ఉంటుంది. పట్టేది. చిక్కంతా పగలే, ఏ కస్టమర్ వచ్చి ఏ పెట్టె అడిగినా చెయ్యి అరమీద ఆగిపోయేది.

వాల్ట్‌కి ఊరి బయట కొంచెం నేల ఉంది. ఒక ఆదివారం ఇద్దరం ఆరు జిప్సం పలకలు తీసుకెళ్ళి, వెనక మట్టిగట్టు ఉండేలా వరసగా నిలబెట్టాం. నా ఉద్దేశం తేలిక: మామూలు తూటా రెండో పలకలో ఆగితే, లాండ్రీ దాకా పోయింది నా కొసరే. ఆరూ దాటితే, గుండు విషయంలోనైనా నా కొసరు నిర్దోషి. అది దాటాలని నేను మొక్కుకున్నాను. వ్యాపారం చేసే మనిషికి సాక్ష్యం ఏ వైపు కావాలో ముందే తెలుస్తుంది.

మాగ్నమ్ ఆరూ దాటింది. మామూలుదీ ఆరూ దాటింది.

నేను హమ్మయ్య అన్నాను. వాల్ట్ పలకల చిల్లులు చూస్తూ, "ఎందుకంత సంతోషం?" అన్నాడు.

"రెండూ ఒకటేగా."

"అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళకి మామూలు తూటా గోడలో ఆగిపోతుందని ఎన్నేళ్ళుగా చెప్పి అమ్ముతున్నావు?"

నన్ను నేను విడిపించుకుందామని పోయి, అంతకుముందు అమ్మిన పెట్టెలన్నిటికీ ముద్దాయినై తిరిగొచ్చాను. ఆ నెలంతా పాత కస్టమర్లకి ఫోన్లు చేశాను: "గోడని నమ్ముకోకండి, ఏ తూటా అయినా సరే." ఒకాయన, "అయితే పెద్దదే కొనేవాణ్ణిగా!" అని తిట్టాడు. అదీ నిజమే అనిపించింది.

చెవి సంగతి మిగిలింది. డాక్టర్ని ఒక్క ప్రశ్న అడగమని రత్నం గారిని బతిమాలాను: చిన్న తూటా అయితే చెవి దక్కేదా? డాక్టరు చెప్పిందట, మూసిన గదిలో చెవులకి ఏమీ లేకుండా ఏది పేలినా హానేనని. పెద్దది ఇంకాస్త ఎక్కువ హాని. ఆ ఇంకాస్త ఎంతో ఆ చెవిని చూసి ఎవరూ చెప్పలేరు.

అంటే ఏమిటి? నా కొసరు లేకపోయినా ఆ చెవి పోయేదా? లేక, నా కొసరు ఆవిడ చేతిని భయపెట్టకపోతే, తుపాకి ఆవిడ కౌంటర్ సొరుగులోనే ఉండి, ఆ మనిషి ఐస్ కోసం వచ్చాడని ముందే గ్రహించి ఆవిడ సొరుగే తెరిచేవారు కాదా? ఒక్కోసారి ఒక్కో జవాబు సరైనదిగా తోచేది. వాల్ట్‌ని అడిగితే, "నన్నడక్కు, నేను కూడా అమ్మేవాణ్ణే" అన్నాడు.

ఆ తరవాత అమ్మింది

వాల్ట్ కొట్టు అమ్మేశాక కోడీ అనే కొత్త యజమాని వచ్చాడు. ప్రతి తూటా శక్తీ ట్యాబ్లెట్‌లో రంగు గీతలుగా చూపించేవాడు. "పొడుగు గీత చూపించు, మిగతాది అదే అమ్ముడుపోతుంది" అనేవాడు. నిజంగానే అమ్ముడుపోయేది. చెడ్డవాడు కాదు. ఆ గీతల్లో చెయ్యి లేదు, చెవి లేదు, గది లేదు, అంతే.

నేను మాగ్నమ్ అమ్మడం మానలేదు. అడవికి పోయేవాడికి, బరువైన తుపాకి ఉండి దాన్ని ఏళ్ళుగా కాలుస్తున్నవాడికి అమ్మాను. ఇంట్లో పెట్టుకుంటామన్నవాళ్ళని ముందు రేంజ్‌కి పంపాను. పోనన్నవాళ్ళకి మామూలువి ఇచ్చాను. పదిమందిలో ఒకరిద్దరి విషయంలో అది తప్పై ఉండొచ్చు. బల్లమీద తూటాలు కొసరివ్వడం మాత్రం ఆ చెవి పోయిన రోజుతో మానేశాను. దాని బదులు చెవులకి పెట్టుకునే మఫ్‌లు ఇచ్చేవాణ్ణి, ఒకటి తుపాకి ఉన్నచోట, ఒకటి పక్కవాళ్ళకి. మా నాన్న నియమం ప్రకారం అదీ తప్పే, కొన్న సరుకులోది కాదు కదా. ఆయన్ని అడుగుదామంటే లేడు.

బిల్లు

పోయినేడు కౌంటర్‌లో నా చివరి రోజు. కోడీ కేకు తెప్పించాడు. మధ్యాహ్నం సువార్తమ్మ గారు వచ్చారు. రత్నం గారు కారులోనే కూర్చున్నారు. ఆవిడ ఎడమ చెవి నా వైపు ఉండేలా కాస్త పక్కకి నిలబడి, సంచిలోంచి ఒక పెట్టె తీసి బల్లమీద పెట్టారు.

"ఇది వెనక్కి తీసుకోండి గుప్తా గారూ."

"అమ్మిన తూటాలు వెనక్కి తీసుకోమమ్మా, అది రూలు."

"ఇది అమ్మింది కాదుగా. కొసరు."

నేను నవ్వాను. ఆవిడా నవ్వారు. పాట సంగతి అడిగాను. "ఎత్తుకోవడం మా కోడలు చేస్తోందండీ. మొదటి వరస దానిది. రెండో వరస నుంచి నేను కలుస్తాను. ఎవరైనా పట్టుకుని నడిపిస్తే నడవగలను" అన్నారు.

ఇన్నేళ్ళూ లోపల పెట్టుకున్నది అడిగేశాను. "నా వాటా ఎంతమ్మా?"

"వాటాలేమిటండీ?"

"పెట్టె నాది. వేలు ఆయనది. తలుపు..."

"తలుపు నేనే మూశాను" అన్నారు. కాసేపు పెట్టె మీద దుమ్ము వేలితో తుడిచారు. "పంచుకుంటే చెవి తిరిగి రాదు. అయినా మీరు అడిగారు కాబట్టి చెప్తాను. మెత్తటివి ఉంటాయా అని ఆ రోజు అడిగింది నేను. మీరు నాకు ఇచ్చారు. ఆ తరవాత ఆయన వైపు తిరిగారు. కొసరు ఆయనకిచ్చారు, రెండూ పడతాయని ఆయనకి చెప్పారు. మళ్ళీ నా వైపు తిరగలేదు. అంతేనండీ."

అని, కేకు ఒక ముక్క రత్నం గారి కోసం కాగితంలో చుట్టించుకుని వెళ్ళారు.

పలకలు చెప్పనిదీ, డాక్టరుకి తెలియనిదీ, ఆవిడ ఆ రోజు నుంచీ తెలుసుకునే ఉన్నారు. వాల్ట్ నాకు మొదటి వారంలో చెప్పిందీ అదే, ఎవరి చేతికో అడగమని. నేను ఆ చెయ్యి అడిగింది విని, రత్నం గారి మోచేతులకి జవాబు చెప్పాను.

వాళ్ళ కారు వెళ్ళాక పెట్టె విప్పి లెక్కపెట్టాను. ఇచ్చినవి ఇరవై, ధర సున్నా. వచ్చినవి పద్దెనిమిది. తక్కువైనవి రెండు: ఒకటి చేతికి, ఒకటి చెవికి. పెద్ద తూటా వల్ల ఎంత పోయిందో, ఏ తూటా అయినా ఎంత పోయేదో, ఆ పద్దు నాకు తెలియదు, ఖాళీగానే వదిలేస్తున్నాను. అడిగిన మనిషి వైపు తిరగకపోవడం మాత్రం పూర్తిగా నాదే. అందులో ఎవరికీ వాటా లేదు, తగ్గింపు లేదు.